తప్పు ఎక్కడ పెద్దదో, డబ్బు అక్కడ

ఇంట్లో పాటలు శ్రద్ధగా వినాలన్న కోరిక పుట్టి, అందుకు మంచి సామాను కొందామని బయల్దేరిన కొత్తవారికి ముందుగా ఎదురయ్యేది సలహాల రద్దీ. స్పీకర్లు ముఖ్యమంటారు ఒకరు. యాంప్లిఫయరే ప్రాణమంటారు ఇంకొకరు. ఫోనులోంచి నేరుగా వింటే లాభం లేదు, విడిగా డాక్ (DAC) అనే పరికరం ఉండాలంటారు మరొకరు. వైర్లు, స్టాండ్లు, కరెంటును శుద్ధి చేస్తామని చెప్పే పెట్టెలు, ఒక్కోదానికీ ఒక్కో వాదన. అన్నీ విన్నాక, యాభై వేల రూపాయలు చేతబట్టుకుని వచ్చిన మనిషి ఆ డబ్బును అన్నిటికీ తలా కాస్త పంచి ఇంటికి వెళ్తాడు. ఈ పంపకం దగ్గరే పొరపాటు జరుగుతోందని నా వాదన. రికార్డింగు నుంచి చెవి దాకా శబ్దం కొన్ని మజిలీలు దాటి వస్తుంది. ప్రతి మజిలీలోనూ కొంత చెడుతుంది. ఎక్కడ ఎంత చెడుతోందో కొలవవచ్చు. ఇంజనీర్లు దశాబ్దాలుగా కొలుస్తూనే ఉన్నారు. ఆ లెక్కలు చూస్తే చివరి రెండు మజిలీలు, అంటే స్పీకరూ గదీ చేసే నష్టం, ముందున్నవన్నీ కలిసి చేసే నష్టానికి ఎన్నో రెట్లు ఉంటుంది. పెద్ద గండిని అలాగే వదిలేసి ఎలుక బొరియలు పూడిస్తే కాలువ నిలవదు.

లెక్కలు చూసేముందు కొలబద్ద సంగతి చెప్పుకోవాలి. శబ్దపు హెచ్చుతగ్గులను డెసిబెళ్లలో కొలుస్తారు. శక్తి రెట్టింపయితే 3 డెసిబెళ్లు పెరిగినట్టు. పది రెట్లయితే 10 డెసిబెళ్లు. చెవికి మాత్రం ఆ పది రెట్ల శక్తి సుమారు రెట్టింపు గట్టిగా వినిపిస్తుంది. ఒక డెసిబెల్ తేడాను పాట మధ్యలో పసిగట్టడం చాలామందికి కష్టమే. ఇప్పుడు మజిలీలు చూడండి. 1982లో వచ్చిన సీడీ సెకనుకు 44,100 సార్లు శబ్దాన్ని నమోదు చేస్తుంది, ఒక్కో నమోదుకు 16 బిట్లు వాడుతుంది. మనిషి చెవి అందుకోగల 20 హెర్ట్జ్ నుంచి 20,000 హెర్ట్జ్ దాకా ఉన్న మేరంతా అందులో పడుతుంది. అతి మెల్లని శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య 96 డెసిబెళ్ల జాగా ఉంటుంది. ఆ అంకెలను మళ్లీ విద్యుత్ తరంగంగా మార్చే చిప్పే డాక్. సరిగ్గా తయారైన చవక డాక్ కూడా ఈ మేర పొడుగునా డెసిబెల్‌లో కొద్ది వంతులకు మించి తేడా రానివ్వదు. సక్రమంగా రూపొందిన ట్రాన్సిస్టర్ యాంప్లిఫయర్‌దీ అదే తీరు. అది కలిపే వక్రీకరణ మామూలుగా 0.1 శాతం లోపే. ఇక స్పీకరు దగ్గరకొస్తే, ప్లస్ ఆర్ మైనస్ 3 డెసిబెళ్లలో నిలిచిందంటే మంచి స్పీకరు కింద లెక్క. లోతైన బేస్‌ను గట్టిగా మోగించినప్పుడు దాని వక్రీకరణ కొన్ని శాతాలకు చేరుతుంది. గది దగ్గర లెక్క ఇంకా తప్పుతుంది. మామూలు గదిలో బేస్ స్వరాల మధ్య 15 డెసిబెళ్ల తేడా రావడం వింతేమీ కాదు. అంటే శక్తిలో ముప్పై రెట్ల పైచిలుకు.

స్పీకరు ఎందుకింత వెనకబడింది? దానికి ముందున్న పనులన్నీ ఎలక్ట్రాన్లతో జరిగేవి. స్పీకరు ఒక వస్తువును నిజంగా కదిలించాలి. చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు 1925లో ప్రకటించిన కదిలే తీగచుట్ట పద్ధతే నేటికీ అత్యధిక స్పీకర్లకు ఆధారం: అయస్కాంతం నోట్లో తీగచుట్ట, దానికి అంటించిన కాగితపు శంకువు. గాలిలో 20 హెర్ట్జ్ తరంగం పొడవు 17 మీటర్లు. 20,000 హెర్ట్జ్ తరంగానిది రెండు సెంటీమీటర్లు కూడా ఉండదు. ఈ రెండు కొసలనూ ఒకే శంకువు మోయలేదు. అందుకే బేస్‌కు పెద్ద వూఫర్, పై స్వరాలకు చిన్న ట్వీటర్ పెట్టి, మధ్యలో క్రాసోవర్ అనే సర్క్యూట్‌తో పని పంచుతారు. పంచిన చోట అతుకు పడుతుంది. ఎదురుగా కూర్చుంటే ఆ అతుకు తెలియకపోవచ్చు. పక్కకు జరిగితే స్వరాలు కొన్ని కుంగిపోతాయి. పక్కలకు పోయిన ఆ చెడు శబ్దమే గోడలకు తగిలి మళ్లీ మన చెవికే వస్తుంది. కాబట్టి స్పీకరు ఎదురుగా ఎలా మోగుతోందో చూస్తే చాలదు. అన్ని దిక్కులకూ ఏం పంపుతోందో చూడాలి. పెట్టె మీద అచ్చువేసే ఒంటి అంకె ఈ సంగతి చెప్పదు.

గది సంగతి ఇంకాస్త దగ్గరగా చూద్దాం. మన అపార్ట్‌మెంట్లలో సాధారణంగా కనిపించే పన్నెండడుగుల వెడల్పు, పదిహేనడుగుల పొడవు, పదడుగుల ఎత్తు హాలు తీసుకోండి. ఎదురెదురు గోడల మధ్య సగం తరంగం సరిగ్గా పట్టే స్వరం దగ్గర గాలి ఊగిసలాడుతూ నిలబడిపోతుంది. ఇంటర్మీడియట్ ఫిజిక్సులో చదువుకున్న స్థిర తరంగాలే ఇవి. ముప్పై డిగ్రీల వేడిలో శబ్దం సెకనుకు సుమారు 349 మీటర్లు పోతుంది. ఆ లెక్కన ఈ హాలు పొడవుకు 38, వెడల్పుకు 48, ఎత్తుకు 57 హెర్ట్జ్ దగ్గర మొదటి స్థిర తరంగాలు పుడతాయి. బేస్ గిటార్ అట్టడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అంటే ఆ వాయిద్యపు అడుగు స్వరాలు సరిగ్గా ఈ చిక్కులోనే పడ్డాయి. ఒక స్వరం గుమ్మని ఉబ్బుతుంది, పక్క స్వరం వినిపించదు. సోఫాను వెనక గోడకు ఆనించి కూర్చున్నవారికి బేస్ బరువెక్కి వినిపిస్తుంది, ఎందుకంటే గోడ దగ్గరే గాలి ఒత్తిడి హెచ్చు. గది నట్టనడుమ కూర్చుంటే ఆ 38 హెర్ట్జ్ దాదాపు మాయమవుతుంది. సోఫాను ఒకటి రెండడుగులు జరపడంతో వచ్చే ఈ మార్పును ఏ యాంప్లిఫయరూ తేలేదు, ఏ వైరూ తేలేదు.

ఇది బేస్ కథ. పై స్వరాలకు వేరే గొడవ ఉంది. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే వాలెస్ సబీన్‌కు 1895లో ఒక పని అప్పగించారు. ఫాగ్ మ్యూజియంలో కొత్తగా కట్టిన ఉపన్యాస మందిరంలో మాట అర్థం కావడం లేదు, సరిచేయమన్నారు. అక్కడ ఒక మాట పూర్తిగా అణగడానికి ఐదున్నర సెకన్లు పడుతోంది. ఈలోగా వక్త మరెన్నో మాటలు దొర్లించేస్తున్నాడు. సబీన్ దగ్గర్లోని థియేటర్ నుంచి సీటు మెత్తలు తెప్పించి, రాత్రివేళ వాటిని ఒక్కొక్కటిగా పరుస్తూ, ఆర్గన్ గొట్టం ఊది, శబ్దం అణగే సమయం కొలిచాడు. అలా తేలిన సూత్రం చాలా సులువు: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గదిలో శబ్దాన్ని మింగే మొత్తం వైశాల్యంతో భాగిస్తే చాలు. మింగడానికి ఆయన పెట్టుకున్న కొలత తెరిచిన కిటికీ. దాంట్లోంచి పోయిన శబ్దం తిరిగి రాదు కదా. మన హాలుకు ఈ లెక్క కట్టి చూడండి. ఘనపరిమాణం 51 ఘనమీటర్లు. గోడలు, నేల, స్లాబు కలిపి 84 చదరపు మీటర్లు. సిమెంటు ప్లాస్టరు, టైల్సు తమ మీద పడిన శబ్దంలో మహా అయితే నూటికి రెండు వంతులు మింగుతాయి. తలుపులు మూసేసి, అంతా ప్లాస్టరూ టైల్సే అనుకుంటే శబ్దం అణగడానికి దాదాపు ఐదు సెకన్లు కావాలి. గృహప్రవేశం నాటి ఖాళీ ఇంట్లో మాట మోగడం అందరికీ తెలిసిందే. పరుపులు, మెత్తని సోఫా, మడతలు మడతలుగా వేలాడే మందపాటి కర్టెన్లు, పుస్తకాల బీరువా, మనుషులు, ఓ తెరిచిన కిటికీ కలిసి మింగే వైశాల్యాన్ని 15 చదరపు మీటర్లకు తెస్తే ఆ ఐదు సెకన్లు కాస్తా అర సెకనుకు వస్తాయి. సంగీతానికి ఇంట్లో కావాల్సింది ఇంచుమించు అదే. పలచని జంపఖానా పై స్వరాలనే తగ్గిస్తుంది, బేస్‌ను అసలు తాకదు. కోడిగుడ్ల అట్టలు గోడకు అంటించడం వల్ల ఒరిగేదేమీ లేదు.

తరవాత స్పీకర్లు పెట్టే చోటు. మన ఇళ్లలో వాటికి దక్కే స్థానం టీవీ షోకేసు అరల్లోనో, బీరువా నెత్తినో. అరలో ఇరికించిన స్పీకరు చుట్టూ చెక్క గోడలే. బేస్ ఉబ్బుతుంది, మాట ముద్దగా వస్తుంది. బీరువా మీద పెడితే ట్వీటర్ మన తలల మీదుగా ఎదుటి గోడకు పాడుతుంది. ట్వీటర్ కూర్చున్నవారి చెవి ఎత్తులో ఉండాలి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, ఒక్కొక్కదానికీ శ్రోతకూ మధ్య సుమారు అంత దూరం ఉంటే మంచిది. వెనక గోడకు మీటరు దూరంలో ఉన్న స్పీకరు నుంచి గోడకు పోయి తిరిగివచ్చే తరంగం 87 హెర్ట్జ్ దగ్గర అసలు తరంగానికి ఎదురు నిలిచి దాన్ని కొంత చెరిపేస్తుంది. దూరం మారితే ఆ గుంట మరో స్వరానికి మారుతుంది. అందుకే ఒక మధ్యాహ్నం వెచ్చించి స్పీకర్లను జానెడు జానెడు జరుపుతూ, తెలిసిన పాటే మళ్లీ మళ్లీ వినడం ఈ హాబీలో అన్నిటికంటే ఎక్కువ ఫలమిచ్చే పని. పైసా ఖర్చు లేదు కాబట్టి దీని గురించి ఎవరూ ప్రకటన వెయ్యరు.

ఇంతవరకూ చెప్పింది పరికరాల కొలత. కొలతలో మంచిదనిపించింది చెవికీ మంచిదవుతుందా అన్నది వేరే ప్రశ్న, న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు వెతకడానికి జీవితం పెట్టినవాడు ఫ్లాయిడ్ టూల్. కెనడా జాతీయ పరిశోధనా మండలిలో 1965 నుంచి పాతికేళ్లకు పైగా ఆయన చేసిన పని ఇదే: స్పీకర్లను ప్రతిధ్వని లేని గదిలో అన్ని దిక్కుల నుంచీ కొలవడం, ఆ తరవాత వాటినే తెర వెనక దాచి జనం చేత వినిపించి మార్కులు వేయించడం. ఏ స్పీకరు మోగుతోందో శ్రోతకు తెలియదు. అన్నీ ఒకే స్థాయిలో మోగుతాయి. ఎదురుగా సమంగా, పక్కలకు ఒద్దికగా మోగే స్పీకర్లకే పదేపదే ఎక్కువ మార్కులు పడ్డాయి. టూల్‌తో కలిసి పనిచేసిన శాన్ ఆలివ్ 2004లో 70 స్పీకర్ల కొలతలు తీసుకుని, ఆ కొలతలను బట్టే శ్రోతల మార్కులను ముందుగా అంచనా వేసే సూత్రం కట్టాడు. అంచనాకూ అసలు మార్కులకూ మధ్య సహసంబంధం 0.86 వచ్చింది. మనుషుల అభిరుచికి సంబంధించిన శాస్త్రంలో ఇంత దగ్గరి పొంతన అరుదు.

దీనికి వెంటనే వచ్చే ఆక్షేపణ, ఎవరి రుచి వారిది కదా అని. పాటల ఎంపికలో నిజమే. స్పీకర్ల ఎంపికలో సాక్ష్యం మరోలా ఉంది. ఆలివ్ 2003లో ప్రకటించిన ప్రయోగంలో దుకాణదారులు, అమ్మకాల సిబ్బంది, ఆడియో సమీక్షకులు, కాలేజీ విద్యార్థులు కలిపి 256 మంది, శిక్షణ పొందిన శ్రోతలు మరో 12 మంది నాలుగు స్పీకర్లను చూడకుండా విన్నారు. శిక్షణ ఉన్నవారి తీర్పు ఎంతో నిలకడగా ఉంది, మిగతావారిది తడబడింది. కానీ ఏది మంచిది, ఏది కాదు అన్న వరస మాత్రం అన్ని బృందాలకూ స్థూలంగా ఒకటే. కొత్తవారు ఇందులోంచి ధైర్యం తెచ్చుకోవాలి. మీకు చెవి లేదని ఎవరైనా అంటే నమ్మకండి. చెవి ఉంది, అభ్యాసం చాలలేదు, అంతే.

రెండో ఆక్షేపణ మరింత గట్టిది. "వైరు మార్చగానే నాకు తేడా స్పష్టంగా వినిపించింది, నా అనుభవాన్ని కాదంటారా?" అనుభవాన్ని కాదనడం లేదు. ఆ అనుభవానికి కారణం వైరేనా అన్నది తేలాలి. ఆలివ్, టూల్ 1994లో నలభై మంది చేత నాలుగు స్పీకర్లకు ముందు చూడకుండా, తరవాత చూస్తూ మార్కులు వేయించారు. ఆ నలభై మందీ ఆడియో కంపెనీ ఉద్యోగులే. చూస్తూ విన్నప్పుడు పెద్ద, ఖరీదైన పెట్టెలకు మార్కులు పెరిగాయి, చిన్న చవక సెట్టుకు తగ్గాయి. అంతకంటే ఆలోచించదగ్గది మరొకటుంది: స్పీకరు చోటు మార్చినప్పుడు వచ్చే నిజమైన తేడాను, చూడకుండా విన్నప్పుడు పట్టుకున్నంతగా చూస్తూ పట్టుకోలేకపోయారు. కన్ను లేని తేడాను పుట్టించింది, ఉన్న తేడాను కప్పేసింది. దీనికి గట్టిదనం మాయ తోడు. 1933లో బెల్ లాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ చూపినట్టు, శబ్దం తగ్గేకొద్దీ మన చెవికి బేస్ మరీ వేగంగా మరుగవుతుంది. కాబట్టి ఒకటి రెండు డెసిబెళ్లు గట్టిగా మోగే పరికరం గట్టిగా ఉందని అనిపించదు, నిండుగా ఉందనిపిస్తుంది. దుకాణంలో రెండు సెట్లు పోల్చేటప్పుడు రెంటినీ ఒకే స్థాయికి తెప్పించకపోతే ఆ పోలిక ఎందుకూ పనికిరాదు.

వైరు లెక్క కట్టడం చాలా తేలిక. ఇంటి వైరింగుకు వాడే ఒకటిన్నర స్క్వేర్ ఎంఎం రాగి వైరు ఐదు మీటర్లు తీసుకుంటే, పోనూ రానూ పది మీటర్లకు నిరోధం ఓంలో పదో వంతుకు కాస్త పైన. ఎనిమిది ఓంల స్పీకరుకు దాని వల్ల కలిగే నష్టం 0.12 డెసిబెల్. గదిలోని 15 డెసిబెళ్ల పక్కన దీన్ని పెట్టి చూడండి. ఎలక్ట్రికల్ షాపులో కొన్న మంచి రాగి వైరు, బిగువైన కనెక్షను చాలు. యాంప్లిఫయర్ విషయంలో కొంత పట్టువిడుపు ఉంది. వాల్వులతో చేసినవి, మరికొన్ని చవక డిజిటల్ రకాలు స్పీకరును బట్టి తమ స్వభావం మార్చుకుంటాయి. నాలుగు ఓంల స్పీకరును మోయలేని బక్క యాంప్లిఫయర్లూ ఉన్నాయి. ఈ రెండూ దాటితే, తన శక్తికి లోబడి మోగుతున్న మంచి యాంప్లిఫయర్లను చూడకుండా వేరుచేయడం దాదాపు అసాధ్యం. ఎంత శక్తి కావాలో కూడా లెక్కే. ఒక వాట్‌కు మీటరు దూరంలో 87 డెసిబెళ్లిచ్చే స్పీకర్ల జత, ఒక్కోదానికి ఒక వాట్ చొప్పున ఇస్తే, మూడు మీటర్ల దూరంలో కూర్చున్నవారికి సుమారు 80 డెసిబెళ్లు అందిస్తుంది. అది ఇంట్లో గట్టిగానే వినడం. ఉన్నట్టుండి విరుచుకుపడే మృదంగపు దెబ్బకూ డ్రమ్ముల మోతకూ దానికి పది, పదిహేను డెసిబెళ్లు అదనంగా ఉంచుకుంటే పది నుంచి ముప్పై వాట్లు. ముందుజాగ్రత్తకు యాభై పెట్టుకోండి. అయితే అవి ఆర్ఎంఎస్ వాట్లు, అంటే నిలకడగా ఇవ్వగల వాట్లు, అయి ఉండాలి. తొంభైలలో మన బజారులో టేప్‌రికార్డర్ల మీద వెయ్యి వాట్ల పీఎంపీఓ అని మెరిసిన అంకెలకు ఏ ప్రమాణమూ లేదు; లోపల ఉన్నది తరచూ పది వాట్ల సరుకే. ఆ అలవాటు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

సీడీని మించిన హై రిజల్యూషన్ ఫైళ్లు ఉంటే తప్ప ఈ సామాను దండగ అన్నవారికి రెండు అధ్యయనాలు జవాబు. 2007లో మేయర్, మొరాన్ హై రిజల్యూషన్ ధ్వనిని సీడీ స్థాయికి కుదించి, కుదించనిదానితో పోల్చి వినిపించారు. 554 ప్రయత్నాల్లో సరైన జవాబులు 276. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. ఆ ప్రయోగంలో లోపాలున్నాయని విమర్శ వచ్చింది. 2016లో జాషువా రైస్ అలాంటి 18 అధ్యయనాలను కలిపి లెక్కగడితే, పన్నెండు వేలకు పైగా ప్రయత్నాల్లో సరైనవి 52.3 శాతం అని తేలింది. శిక్షణ పొందినవారిలో అది 62 శాతం దాకా వెళ్లింది. తేడా ఉండవచ్చు, ఒప్పుకుంటాను. కానీ తర్ఫీదు పొందినవారే పదిలో నాలుగుసార్లు పొరబడే తేడా కోసం, స్పీకర్లకు పోవాల్సిన డబ్బును తగ్గించుకోవడం న్యాయం కాదు.

వాల్వు యాంప్లిఫయర్లనూ గ్రామఫోన్ రికార్డులనూ ప్రేమించేవారితో నాకు పేచీ లేదు. రికార్డును కవర్లోంచి తీయడం, ముల్లు దించడం, ఒక వైపు పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చోవడం, వీటిలో ఆనందం నిజమైనది. కోరి అటు వెళ్లేవారు వెళ్లాలి. అది మరింత యథాతథమైన ధ్వని అని మాత్రం కొత్తవారికి చెప్పకూడదు.

ఇక యాభై వేల రూపాయల సంగతి. నన్నడిగితే ముప్పై, ముప్పై ఐదు వేలు ఒక మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్ల జతకు పోవాలి. పది, పన్నెండు వేలు నలభై యాభై ఆర్ఎంఎస్ వాట్ల సాదా యాంప్లిఫయర్‌కు. మిగిలినది స్టాండ్లకూ కర్టెన్లకూ. పాట రావడానికి చేతిలో ఉన్న ఫోను చాలు; హెడ్‌ఫోన్ రంధ్రం లేకపోతే వెయ్యి రూపాయల లోపు దొరికే అడాప్టర్ పెట్టుకోండి. సబ్ వూఫర్ తరవాత కొనవచ్చు, గది తీరు తెలిశాక. పాత స్పీకర్లు కొనేవారు వూఫర్ అంచున ఉన్న ఫోమ్ చుట్టును వేలితో మెల్లగా నొక్కి చూడాలి. ఉక్కపోతలో అది ఏళ్ల తరబడి నాని పొడిపొడిగా రాలిపోతుంది. రబ్బరు చుట్టు ఉన్నవి ఎక్కువ కాలం మన్నుతాయి. గది ఇరుకై, ఇరుగుపొరుగు ఊరుకోని చోట హెడ్‌ఫోన్లు మేలు. అవి గదిని లెక్కలోంచే తీసేస్తాయి. వాటిలో ధరను చూసి గుణం అనుకోవద్దు: 2017లో బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్లను పరిశీలిస్తే, ధరకూ స్వర సమతూకానికీ పొంతనే కనిపించలేదు. వాల్యూము మీద మాత్రం కన్నుంచండి. పెద్దవాళ్లకు వారానికి నలభై గంటల పాటు 80 డెసిబెళ్లు, ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు అది.

స్పీకరు విని ఎంచుకోవడానికి ఒక్క గొంతు మాత్రమే ఉన్న పాట చాలదు. అడుగు నుంచి పై దాకా అన్ని వాయిద్యాలూ నిండిన ఆర్కెస్ట్రా పాటలోనే లోపాలు ఎక్కువగా బయటపడతాయని టూల్, ఆలివ్ ప్రయోగాలు చెబుతున్నాయి. రెండు స్పీకర్ల కంటే ఒక్కటే మోగించినప్పుడు లోపం ఇంకా తేటగా తెలుస్తుంది. కాబట్టి ఘంటసాల కాలం నాటి మోనో పాటల్లో వాయిద్యాలు దండిగా ఉన్నవి ఒకటి రెండు వెంట తీసుకెళ్లి, ఒక స్పీకరు ఆపించి వినండి. మరో మాట కూడా అడగండి. స్పీకరును చుట్టూ పది డిగ్రీలకొకసారి, అడ్డంగా నిలువుగా కలిపి 70 చోట్ల కొలిచి గీసే గ్రాఫుకు అమెరికాలో సీటీఏ-2034 అనే ప్రమాణం ఉంది. దాన్ని ప్రకటించే తయారీదారులు కొందరున్నారు, ఎక్కువమంది ప్రకటించరు. మీరు కొనే స్పీకరుకు ఆ గ్రాఫు ఉందేమో దుకాణదారును అడగండి. లేదంటే వారం రోజులు మీ గదిలో విని, నచ్చకపోతే తిరిగిచ్చే వీలైనా రాతపూర్వకంగా తీసుకోండి.